పొగమంచు మీద బెంగ

1972లో అమెరికాలో మాగ్నవాక్స్ ఒడిస్సీ అమ్మకానికి వచ్చింది. ఇంట్లో టీవీకి తగిలించుకుని ఆడుకునే గేమ్ కన్సోళ్లలో అదే మొట్టమొదటిది. తెర మీద అది చూపించగలిగిందల్లా కొన్ని తెల్లటి చుక్కలు, ఒక నిలువు గీత. రంగుల్లేవు, శబ్దం లేదు, స్కోరు లెక్కపెట్టడం కూడా దానికి రాదు. అయినా దానితో పాటు వచ్చిన ఆటల్లో ఒకదాని పేరు 'హాంటెడ్ హౌస్'. దెయ్యాల కొంప బొమ్మ అచ్చువేసిన పల్చటి ప్లాస్టిక్ షీటు ఆ పెట్టెలోనే ఉండేది. దాన్ని టీవీ అద్దానికి అతికించుకోవాలి. ఒకరు డిటెక్టివ్, ఇంకొకరు దెయ్యం. లైట్లు ఆర్పేసి కూర్చుంటే, షీటు వెనక మెల్లగా జరిగే చుక్క ఎవరో దీపం పట్టుకుని గది గదీ వెతుకుతున్నట్టే ఉంటుంది.

చుక్కను టెన్నిస్ బంతి అనుకోమంటే అనుకుంటాం. చీకటింట్లో దీపం అనుకోమంటే ఇంకా తొందరగా అనుకుంటాం. తాడును చూసి పామనుకోవాలంటే వెలుతురు చాలకపోవాలి. వీడియో గేములకు తొలి పాతికేళ్లూ ఆ వెలుతురు చాలనే లేదు. ఏటా అక్టోబరు రాగానే, అక్టోబరు 31న పాశ్చాత్యులు చేసుకునే దెయ్యాల పండగ హాలోవీన్ పేరు చెప్పి, జనం పాతికేళ్ల కిందటి, నలభై ఏళ్ల కిందటి భయాల గేములను దుమ్ము దులిపి బయటికి తీయడం వెనక ఈ వెలుతురు లెక్క చాలా ఉంది.

పదేళ్ల తర్వాత, 1982లో, అటారీ 2600 మీద ఇంకో 'హాంటెడ్ హౌస్' వచ్చింది. ఈ కన్సోల్‌కు ఉన్న ర్యామ్, అంటే ఆట నడిచేటప్పుడు వాడుకునే మెమరీ, 128 బైట్లు. కిలోబైట్లు కావు, బైట్లే. కంప్యూటర్లలో అక్షరాలను దాచే మామూలు పద్ధతిలో (యూటీఎఫ్-8) ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి కాబట్టి, ఒక మోస్తరు తెలుగు వాక్యం కూడా అందులో పట్టదు. అంత ఇరుకులో మనిషి బొమ్మ గీసి, దాన్ని నాలుగు అంతస్తుల కొంపలో తిప్పి, గబ్బిలాలను, సాలీళ్లను, దెయ్యాన్ని వెంటపడేలా చేయాలి. గేమ్ తయారు చేసినవాళ్లు మనిషిని తీసేశారు. తెర మీద రెండు కళ్లు మాత్రమే మిగిలాయి. ఎటు నడిస్తే అటు తిరిగే రెండు తెల్ల గుడ్లు. చీకటి కదా, చీకట్లో మనిషికి కళ్లు తప్ప ఇంకేం కనిపిస్తాయి? అగ్గిపుల్ల గీస్తే చుట్టూ కొద్దిమేర వెలుగు వస్తుంది. గదిలోకి ఏ ప్రాణి వచ్చినా చల్లటి గాలి వీచి ఆ వెలుగు ఆరిపోతుంది. ఏం వచ్చిందో చూద్దామంటే చూసే వీలు సరిగ్గా అప్పుడే పోతుందన్నమాట. ఇప్పటి డిజైనర్లకు ఇది పాఠంగా చెప్పినా తప్పులేదు.

అదే రోజుల్లో బ్రిటన్‌లో సింక్లెయిర్ జెడ్‌ఎక్స్81 అనే చవక కంప్యూటర్ మీద '3డీ మాన్‌స్టర్ మేజ్' వచ్చింది. నలుపు తెలుపు గళ్లతో గీసిన చిట్టడవి లాంటి ఇల్లు, లోపల ఒక డైనోసార్. ఆ కంప్యూటర్‌కు శబ్దం చేయడం రాదు. భయపెట్టడానికి శబ్దమే సగం బలం అంటారు, అదే లేదు. అందుకని తెర అడుగున అక్షరాలు పెట్టారు. మొదట అది వేట కోసం పొంచి ఉందని వస్తుంది. కాసేపటికి అడుగులు దగ్గరపడుతున్నాయని వస్తుంది. చెవికి ఏమీ వినపడదు, కంటికి ఏమీ కనపడదు, మాట మాత్రం తెలుస్తుంది. తలుపు అవతల నుంచి ఎవరో చెబుతున్న కబురులా ఉంటుంది ఆ వాక్యం. ఆడేవాడి వేళ్లు కీబోర్డు మీద తడబడటానికి అది చాలు.

ఈ రెండు ఉదాహరణల్లో భయం యంత్రంలో లేదు. యంత్రం వదిలేసిన ఖాళీలో ఉంది. ఆ ఖాళీని ఆడేవాడు తన భయంతోనే నింపుకోవాలి. ఎవడి భయం వాడికి బాగా తెలుసు కాబట్టి గురి తప్పదు.

ఈ ఒడుపు అందరికంటే బాగా పట్టుబడింది జపాన్ కంపెనీలకు. కొనామీ 1986లో 'కాసిల్‌వేనియా' తెచ్చింది. అంతకు ముందే 1985లో క్యాప్‌కామ్ 'గోస్ట్స్ ఎన్ గాబ్లిన్స్' ఆర్కేడ్లలో, అంటే నాణెం వేసి ఆడే గేమ్ సెంటర్లలో, పెట్టింది. ఒక్క దెబ్బకు కవచం ఊడిపోయి వీరుడు చెడ్డీతో మిగిలే గేమ్ అది. తంటాలు పడి చివరిదాకా పోతే, ఇదంతా మాయ అని చెప్పి మళ్లీ మొదటి నుంచి ఆడమనేది. ఈ రెండింటిలో భయం కన్నా కసి ఎక్కువ. దెయ్యాలు కేవలం అలంకారం. 2016లో నింటెండో తన పాత కన్సోల్‌ను అరచేతిలో పట్టేంత చేసి 30 గేములతో మళ్లీ అమ్మినప్పుడు ఈ రెండూ అందులో ఉన్నాయి. అసలు భయం మాత్రం సీడీలు వచ్చాక మొదలైంది.

1996 మార్చిలో క్యాప్‌కామ్ తెచ్చిన 'రెసిడెంట్ ఈవిల్'లో ఒక గది నుంచి ఇంకో గదిలోకి పోవాలంటే తెర నల్లబడుతుంది. నల్లటి తెర మీద ఒక తలుపు. గడియ కదులుతుంది, తలుపు కిర్రుమంటూ మెల్లగా తెరుచుకుంటుంది, లోపల మళ్లీ నలుపు. మొదటి ప్లేస్టేషన్‌లో సీడీ డ్రైవ్ సెకనుకు 300 కిలోబైట్లు చదువుతుంది. ప్రధాన మెమరీ 2 మెగాబైట్లు. మెమరీ మొత్తం కొత్తగా నింపాలంటే లెక్క ప్రకారం ఆరేడు సెకన్లు. ఆ తలుపు నిజానికి ఒక లోడింగ్ స్క్రీన్. 1989లో ఇదే కంపెనీ చేసిన 'స్వీట్ హోమ్'లో కూడా తలుపు తెరుచుకునే దృశ్యం ఉంది. అక్కడి నుంచే ఈ ఆలోచన వచ్చింది. వేరే గేములో ఆ ఆరు సెకన్లు విసుగు. ఇక్కడ మాత్రం ఆ ఆరు సెకన్లలో ఆడేవాడు ఎన్ని గుటకలు మింగుతాడో చెప్పలేం. చేతిలో ఎన్ని తూటాలున్నాయి, చివరిసారి సేవ్ చేసి ఎంతసేపైంది, ఇంక్ రిబ్బన్ ఒకటే మిగిలింది కదా, అన్నీ అప్పుడే గుర్తొస్తాయి. సేవ్ చేయడానికి కూడా టైప్‌రైటర్ రిబ్బన్ ఖర్చుపెట్టించిన గేమ్ అది. ఇంత పిసినారితనం ఇంకే గేమూ చేయలేదేమో!

తలుపు వల్ల ఇంకో నమ్మకం కూడా ఏర్పడింది. గది దాటితే బతికిపోయినట్టే, ఇవతలి జాంబీ అవతలికి రాదు. యంత్రం ఒకసారికి ఒక గదినే మోయగలదు కాబట్టి పుట్టిన నియమం ఇది. 1999లో మూడో గేమ్ ఈ నియమాన్ని పట్టుకుని విరిచింది. అందులో నెమెసిస్ అనే రాక్షసుడు తలుపు దాటి వెంట వస్తాడు. మూడేళ్లు తలుపుల్ని నమ్ముకున్నవాళ్లకు అది నమ్మకద్రోహంలా తగిలింది.

ఇక పొగమంచు. దూరపు కొండలు నునుపు అంటాం గానీ, ప్లేస్టేషన్‌లో దూరపు కొండలే ఉండవు. ఊరంతా ఒకేసారి గీసే శక్తి దానికి లేదు. కొంత దూరం దాకా గీసి, ఆ తర్వాత ఖాళీ వదిలేయాలి. మిగతా గేముల్లో నాలుగడుగులు వేస్తే ఇళ్లు, చెట్లు ఉన్నట్టుండి గాల్లోంచి ఊడిపడేవి. 1999లో కొనామీ చేసిన 'సైలెంట్ హిల్' ఆ ఖాళీని పొగమంచుతో, చీకటితో కప్పేసింది. పది అడుగుల అవతల తెల్లటి గోడ. నాయకుడి జేబులో రేడియో ఉంటుంది. రాక్షసి దగ్గరకు వచ్చేకొద్దీ రేడియో గరగరమంటుంది. ఏదో వస్తోందని తెలుసు, ఎటునుంచో తెలియదు. బ్రిటిష్ డైనోసార్ గేములో అక్షరాలు చేసిన పనినే ఇక్కడ గరగర చేస్తోంది.

ఆ పొగమంచు కేవలం కప్పిపుచ్చుకోవడం కాదని తేలింది 2012లో. రెండో, మూడో 'సైలెంట్ హిల్' గేములను కొత్త కన్సోళ్ల కోసం హెచ్‌డీ చేసి అమ్మారు. పని చేసినవాళ్లకు అసలు గేమ్ తాలూకు పూర్తి కోడ్ దొరకలేదు. ఫలితంగా పొగమంచు పల్చబడింది. సరస్సు మీద కమ్ముకోవాల్సిన మంచు పోయి, నీళ్లు ఎక్కడ ఆగిపోయాయో, నేల ఎక్కడ తెగిపోయిందో బట్టబయలైంది. బొమ్మ స్పష్టంగా ఉంది, ఊరు లేదు. అభిమానులు ఊరికే గోల చేశారని అప్పట్లో కొందరన్నారు గానీ, వాళ్ల గోల సబబే. 2024 అక్టోబరులో రెండో గేముకు రీమేక్ వచ్చినప్పుడు పొగమంచును గీయడం మీదే బోలెడు శ్రమ పెట్టారు. ఎంత దూరమైనా గీయగల యంత్రాలు చేతిలో ఉండి, ఏమీ కనపడకుండా చేయడానికి వాటి శక్తిని వాడారు.

వాతావరణం గురించి చెప్పుకున్నాం కాబట్టి ఋతువు సంగతి. ఈ గేములేవీ హాలోవీన్ కోసం పుట్టలేదు. 'రెసిడెంట్ ఈవిల్' మార్చిలో వచ్చింది, 'సైలెంట్ హిల్' ఫిబ్రవరిలో. వీటిని చేసిన జపాన్‌లో దెయ్యం కథలు చెప్పుకునే కాలం వేసవి. ఒళ్లు జలదరిస్తే ఉక్కపోత తగ్గుతుందని అక్కడ సరదాగా అంటారు. అక్టోబరు అనేది పాశ్చాత్య దేశాల ఆటగాళ్లు తర్వాత తగిలించుకున్న తోరణం. నేరుగా హాలోవీన్ మీదే చేసిన గేములు లేకపోలేదు. 2010లో వచ్చిన 'కాస్ట్యూమ్ క్వెస్ట్'లో పిల్లలు వేషాలు కట్టి ఇంటింటికీ తిరుగుతారు. ముచ్చటగా ఉంటుంది, కానీ అందులో ఉన్నది పండగ జ్ఞాపకం. భయం కాదు.

నాస్టాల్జియా అనే మాటను 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్యుడు పుట్టించాడు. ఇంటికి దూరమైనవాళ్లకు వచ్చే జబ్బుకు పెట్టిన పేరు అది. ఇంటికి తిరిగి రావడం, నొప్పి అనే రెండు గ్రీకు మాటలు కలిపాడు. తెలుగులో దానికి సరైన మాట బెంగ. పిల్లవాడు బెంగ పెట్టుకున్నాడంటే వాడికి జ్వరం కూడా రావచ్చు. తర్వాత తర్వాత నాస్టాల్జియా ఇంటి నుంచి కాలం మీదికి జరిగింది. దూరమైన ఊరికి బండెక్కి పోవచ్చు, దూరమైన కాలానికి పోలేం. పాత గేముల విషయంలో తమాషా ఏమిటంటే, వెళ్లినట్టే ఉంటుంది. అదే కార్ట్రిడ్జ్ (గేమ్ ఉండే ప్లాస్టిక్ డబ్బీ), అదే సంగీతం, అదే మెట్టు మీద అదే అస్థిపంజరం. ఇల్లు చెక్కుచెదరలేదు. అయినా బెంగ తీరదు.

ఎందుకు తీరదంటే, ఒక కారణం తెరలోనే ఉంది. అప్పటి సీఆర్‌టీ టీవీల్లో, అంటే గాజు గొట్టం ఉండే డబ్బా టీవీల్లో, పిక్సెళ్లు (బొమ్మలోని చుక్కలు) పక్క పిక్సెళ్లలోకి కొద్దిగా కారేవి. బొమ్మలు గీసినవాళ్లకు ఆ సంగతి తెలుసు, దాన్నే నమ్ముకుని గీశారు. 1997 నాటి 'కాసిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ది నైట్'లో డ్రాక్యులా ముఖచిత్రం చూస్తే కంటి దగ్గర ఒక ఎర్ర పిక్సెల్ ఉంటుంది. ఇప్పటి ఎల్‌సీడీ తెర మీద అది ఎర్రటి చతురస్రం, ఏదో పొరపాటున పడ్డ మచ్చలా ఉంటుంది. సీఆర్‌టీ మీద అదే పిక్సెల్ చుట్టూ కరిగి, కన్ను లోపలి నుంచి నిప్పులా వెలుగుతుంది. పాత గేములను కొత్త యంత్రాల్లో ఆడించే ఎమ్యులేటర్లలో పాత టీవీలా చూపించే ఫిల్టర్లు పెట్టేది ఇందుకే. తుపాకీ పట్టుకుని దెయ్యాలను కాల్చే పాత గేముల పరిస్థితి ఇంకా ఘోరం. ఆ తుపాకులు సీఆర్‌టీ తెర మీద వెలుగు గీత పరుగెత్తే వేళలను బట్టి గురి కనిపెట్టేవి. కొత్త తెరకు ఎదురుగా అవి ఉత్త ప్లాస్టిక్.

రెండో కారణం పెద్దది. అప్పటి ఆటగాళ్లకు తెలియదు. ఈ తలుపు వెనక ఏముందో, గేములో ఇంకెంత మిగిలిందో, ఫలానా రహస్య గది నిజంగా ఉందో లేదో తెలియదు. తెలిసినవాడు పక్క క్లాసులో ఒకడుంటాడు, వాడు చెప్పేవన్నీ కోతలే. ఇప్పుడు ఏ మూల ఇరుక్కున్నా ఒక వీడియో దూరంలో జవాబు ఉంది. ఆ తెలియనితనాన్ని కార్ట్రిడ్జ్‌తో పాటు ఎవరూ అమ్మలేరు.

అందుకేనేమో, ఆ గేములతో పెరిగినవాళ్లు పెద్దయ్యాక తెలిసిపోయిన గేముల్లోకి మళ్లీ దెయ్యాలను ఎక్కించారు. 1981లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 'పాలీబియస్' అనే ఆర్కేడ్ గేమ్ ఉండేదని, ఆడినవాళ్లకు మతి పోయేదని ఒక కథ తిరుగుతుంది. అలాంటి గేమ్ ఉన్నట్టు ఆధారం ఒక్కటీ లేదు. 1996 నాటి తొలి పోకెమాన్ గేముల్లో లావెండర్ టౌన్ అనే ఊరి సంగీతం విని పిల్లలు జబ్బుపడ్డారన్న కథ ఇంటర్నెట్‌లో 2010 ప్రాంతంలో పుట్టింది. ఇదీ అబద్ధమే. దెయ్యం పట్టిన కార్ట్రిడ్జ్ కథలు కూడా అప్పుడే మొదలయ్యాయి. వీటన్నిటిలో నమ్మబుద్ధయ్యేది మాత్రం ఆ చివరిదే, ఎందుకంటే దాని వెనక నిజమైన వస్తువు ఉంది. సెకండ్ హ్యాండ్ కార్ట్రిడ్జ్ కొని పెడితే, సేవ్ ఫైళ్ల దగ్గర ఎవరిదో పేరు ఉంటుంది. ఎక్కడో సగంలో ఆగిపోయిన ఆట. ఆ పేరును బతికించేది లోపల బోర్డుకు అతికించిన బిళ్ల బ్యాటరీ. ఇరవై ముప్పై ఏళ్లకు అది అయిపోతుంది, పేరు చెరిగిపోతుంది. మనిషి వెళ్లిపోయి పేరు మిగలడం, అదీ కొన్నాళ్లే. ఇంతకంటే దెయ్యం ఇంకేం కావాలి?

కొత్తగా వస్తున్న చిన్న గేముల్లో చాలా వాటికి ఈ పాత ముఖమే ఉంది. జర్మనీలో ఇద్దరు కలిసి చేసిన 'సిగ్నాలిస్' 2022 అక్టోబరులో వచ్చింది. 'ఫెయిత్' 1980ల కంప్యూటర్ బొమ్మలా నాలుగైదు రంగుల్లో ఉంటుంది. 2024 నాటి 'క్రో కంట్రీ' 1990లో, అప్పటికే మూతపడ్డ ఒక వినోదాల పార్కులో నడుస్తుంది. మొదటి ప్లేస్టేషన్‌కు లెక్కల్లో ఖచ్చితత్వం తక్కువ కాబట్టి గోడల అంచులు సన్నగా వణికేవి, నేల మీద బొమ్మలు మెలికలు తిరిగేవి. కారు రేసులో అది చిరాకు. పాడుబడ్డ ఆసుపత్రిలో గోడలు వణికితే గుండె ఝల్లుమంటుంది. ఇప్పుడు ఆ వణుకును పని కట్టుకుని కోడ్ రాసి తెప్పిస్తున్నారు. ఇలాంటి గేములు ఆడేవాళ్లలో చాలామంది ప్లేస్టేషన్ తర్వాత పుట్టినవాళ్లే, మరి వాళ్లకు దాని మీద బెంగ ఎక్కడిదని అడగొచ్చు. బెంగ కన్నా డబ్బు పెద్ద కారణం. మనిషి ముఖాన్ని నిజంలా చూపించాలంటే వందల మంది కావాలి, నాలుగు పిక్సెళ్ల ముఖం ఒక్కరు గీయొచ్చు. గీశాక తెలుస్తుంది, ఆ నాలుగు పిక్సెళ్ల ముఖం నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పలేమని. భయానికి అదే కావాలి.

పెద్ద కంపెనీల దారి వేరు. 2009లో 'టీమ్ ఫోర్ట్రెస్ 2' తొలి హాలోవీన్ అప్‌డేట్ ఇచ్చింది. 2016లో 'ఓవర్‌వాచ్', 2017లో 'ఫోర్ట్‌నైట్' ఆ దారి పట్టాయి. ఇప్పుడు ఆన్‌లైన్ గేముల్లో అక్టోబరు ఈవెంట్ లేనిది అరుదు. పాత్రలకు గుమ్మడికాయ తలలు, మంత్రగత్తె టోపీలు. భయం వేషంగా మారింది. భయపెట్టేది ఏదైనా ఉందంటే అది గడువు. ఇన్ని రోజుల్లో ఈ స్కిన్ (పాత్రకు తొడిగే వేషం) తీసుకోకపోతే మళ్లీ దొరుకుతుందో లేదో అనే టెన్షన్. నింటెండో పాత కన్సోల్ గేమ్‌క్యూబ్‌లోని 'యానిమల్ క్రాసింగ్'లోనూ అక్టోబరు 31 సాయంత్రమే గుమ్మడికాయ తలతో జాక్ వచ్చేవాడు. కానీ అక్కడ తేదీ ఆ కన్సోల్ గడియారంలో ఉండేది. ఎవరైనా గడియారం వెనక్కి తిప్పి జాక్‌ను మళ్లీ పిలుచుకోవచ్చు, ఇప్పటికీ పిలుచుకోవచ్చు. ఇప్పటి గేముల గడియారం కంపెనీ సర్వర్‌లో ఉంది.

ఈ ఈవెంట్లతో పెరిగే పిల్లలకు ఇరవై ఏళ్ల తర్వాత బెంగ వస్తే ఏం ముట్టుకుంటారు అన్నది అసలు చిక్కు. 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్కతీస్తే, అమెరికాలో 2010కి ముందు వచ్చిన గేముల్లో 87 శాతం అప్పటికి మార్కెట్లో కొనడానికి దొరకడం లేదని తేలింది. అవి కనీసం డిస్కుల మీద, కార్ట్రిడ్జ్‌ల మీద ఎక్కడో అటకల మీద ఉన్నాయి. సర్వర్ ఈవెంట్‌కు అటక కూడా లేదు. కంపెనీ తలచుకుంటే తెస్తుంది. 2023 నవంబరులో 'ఫోర్ట్‌నైట్' తన పాత మ్యాపును మళ్లీ తెస్తే జనం ఎగబడ్డారు. అయిదారేళ్ల నాటి మ్యాపు మీద కూడా బెంగ పుడుతుందని, దాని తాళం చెవి మాత్రం ఒకరి చేతిలోనే ఉంటుందని తేలింది.

ఒక్క గేమ్ ఈ రెండు లోకాల మధ్య చిక్కుకుపోయింది. 2014 ఆగస్టులో ప్లేస్టేషన్ 4 మీద 'పీటీ' అనే ఉచిత డెమో వచ్చింది. రాబోయే 'సైలెంట్ హిల్' గేముకు అది ప్రచారం. ఒక ఇంట్లో ఎల్ ఆకారపు నడవా, అంతే. నడవా చివర తలుపు తీస్తే అదే నడవా మొదట్లోకి వస్తాం. మళ్లీ నడవాలి. ప్రతిసారీ ఏదో కొంచెం మారి ఉంటుంది: ఒక దీపం, ఒక ఫోటో, బాత్రూమ్ తలుపు ఓరగా. ఆ పెద్ద గేమ్ రద్దయింది. 2015లో డెమోను స్టోర్ నుంచి తీసేశారు. ముందే దించుకున్నవాళ్ల కన్సోళ్లలో మాత్రం అది ఉండిపోయింది. ఆ కన్సోళ్లను తర్వాత ఎక్కువ ధరకు అమ్మారు, కొన్నారు. వాటిని రీసెట్ చేయకూడదు, గేమ్ చెరిపితే మళ్లీ దిగదు. హార్డ్ డిస్క్ ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుందని వాటి యజమానులకు తెలుసు. అక్టోబరులో ఒకసారి లైట్లు ఆర్పి, ఆన్ చేసి, నడవా చివరిదాకా నడిచి, తలుపు తీస్తారు.